శ్రీకాకుళం, విజయనగరం వైపు ప్రభుత్వ చిప్ పరిశోధన కేంద్రం పెట్టొచ్చా? పెడితే నిలబడుతుందా?

ప్రశ్న క్లుప్తంగా: రాజాం దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఈసీఈ పాఠాలు చెప్పే మాస్టారు అడిగారు. బెల్జియంలో 2 నానోమీటర్ల కన్నా కిందికి వెళ్లే చిప్‌ల కోసం ప్రభుత్వ సొమ్ముతో పరిశోధన కేంద్రం తెరిచారని ఆయన చదివారట. "అలాంటిది మన ఉత్తరాంధ్రలో ఎందుకు పెట్టకూడదు? భూమి ఉంది, సముద్రం ఉంది, ఇసుక ఉంది, ఏటా ఇంతమంది ఇంజనీర్లు బయటికొస్తున్నారు. పెట్టాలంటే ఏం కావాలి? మా పిల్లలకు ఏం ఒరుగుతుంది?" అన్నది ప్రశ్న.

మాస్టారూ, సూటిగా చెబుతాను. 2 నానోమీటర్ల పైలట్ లైన్ (కొత్త టెక్నాలజీని ముందుగా నడిపి చూసే ప్రయోగ లైన్) మనకు ఇప్పట్లో కుదరదు, దాన్ని అడగడం కూడా దండగ. కానీ నాలుగు, ఆరు అంగుళాల వేఫర్ల (చిప్‌లు తయారుచేసే పల్చటి సిలికాన్ పలకల) మీద సెన్సర్లు, పవర్ డివైస్‌లు, ప్యాకేజింగ్, టెస్టింగ్ చేసుకునే ప్రభుత్వ కేంద్రం, బయటివాళ్లెవరైనా వచ్చి పనిచేసుకునేది, మనకు తప్పకుండా కావాలి. సరిగ్గా పెడితే నిలబడుతుంది. ఆ "సరిగ్గా" అన్నదాంట్లో మొదటిది ఏంటంటే, కట్టడానికి ఇచ్చే డబ్బుతో పాటు పదేళ్లు నడపడానికి అయ్యే డబ్బు కూడా మొదటి జీవోలోనే ఉండాలి. అది లేకపోతే మిగతావన్నీ ఉన్నా నేను వద్దనే అంటాను.

నాది బొబ్బిలి. ప్రభుత్వ నానోఫ్యాబ్‌లలో (చిన్న స్థాయిలో చిప్‌లు తయారుచేసే ల్యాబ్‌లలో) ప్రాసెస్ ఇంజనీరుగా చేరి, తర్వాత మొత్తం ఫెసిలిటీ చూసుకునే పని చేశాను. క్లీన్‌రూమ్‌లు (ధూళి లేకుండా గాలిని వడకట్టి ఉంచే గదులు) కట్టించాను, మూతపడ్డవాటిని తెరిపించాను. ఇప్పుడు విజయనగరంలోనే ఉంటున్నాను కాబట్టి రెండు వైపులా తెలిసి రాస్తున్నాను.

ముందు లూవెన్ సంగతి

మీరు చదివింది బెల్జియంలోని లూవెన్‌లో ఉన్న ఐమెక్ అనే చిప్ పరిశోధన సంస్థ గురించి. అక్కడి నానోఐసీ పైలట్ లైన్ ఖర్చు 250 కోట్ల యూరోలు. మన లెక్కలో పాతిక వేల కోట్ల రూపాయలకు అటూ ఇటూ. సగానికి పైగా యూరోపియన్ యూనియన్, అక్కడి ప్రభుత్వాలు పెట్టాయి. మిగతాది చిప్ యంత్రాలు చేసే నెదర్లాండ్స్ కంపెనీ ఏఎస్‌ఎంఎల్ లాంటివి పెట్టాయి. 2021 డిసెంబరులో మన ఇండియా సెమీకండక్టర్ మిషన్ మొదలైనప్పుడు దేశం మొత్తానికి అనుకున్నది 76,000 కోట్లు. అందులో మూడో వంతు ఒక్క పరిశోధన కేంద్రానికే పోతుందన్నమాట.

డబ్బు ఎలాగో తెచ్చినా ఇంకో సమస్య ఉంది. ఈయూవీ లితోగ్రఫీ యంత్రాన్ని, అంటే అతి సన్నటి గీతలను కాంతితో వేఫర్ మీద అచ్చువేసేదాన్ని, ప్రపంచంలో ఏఎస్‌ఎంఎల్ ఒక్కటే తయారుచేస్తుంది. 13.5 నానోమీటర్ల కాంతి పుట్టించడానికి కరిగిన తగరం బొట్లను సెకనుకు 50,000 చొప్పున జారవిడిచి, ఒక్కొక్కదాన్నీ లేజర్‌తో కొడతారు. ఇలాంటి యంత్రం కొన్న రోజు నుంచీ కంపెనీ ఇంజనీర్లు పక్కనే ఉండాలి. ఏఎస్‌ఎంఎల్ ఉన్న వెల్డ్‌హోవెన్ నుంచి లూవెన్‌కి కారులో గంటన్నర కూడా పట్టదు. పొద్దున యంత్రం ఆగితే మధ్యాహ్నానికి మనిషీ, పార్టూ రెండూ వస్తాయి. మన దగ్గర పార్టు విమానం దిగి, కస్టమ్స్ దాటి వచ్చేసరికి వారాలు గడుస్తాయి. ఆ వారాలన్నీ ఖరీదైన యంత్రం ఖాళీగా ఉండాల్సిందే. పైగా ఐమెక్ 1984లో పుట్టింది. నలభై ఏళ్లుగా ఒకే చోట, ఒకే పని మీద తరాల కొద్దీ మనుషులను తయారుచేసుకుని ఇప్పుడు ఈ లైన్ తెరిచారు. అక్కడ కొత్తగా వచ్చింది యంత్రాలే. నడిపేవాళ్లు ముందే ఉన్నారు.

మనం చూసి నేర్చుకోవాల్సింది తైవాన్ మొదలుపెట్టిన తీరు అని నా అభిప్రాయం. అక్కడ ప్రభుత్వం 1973లో ఇట్రీ అనే పరిశోధన సంస్థ పెట్టింది. 1976లో అమెరికాలోని ఆర్‌సీఏ కంపెనీ నుంచి 7 మైక్రాన్ల (మైక్రాన్ అంటే వెయ్యి నానోమీటర్లు) టెక్నాలజీ కొన్నారు. అప్పటికే అది పాతబడింది. తెలిసే కొన్నారు. ఎందుకంటే వాళ్లకు కావలసింది ఒక లైన్‌ని మొదటి నుంచి చివరిదాకా సొంతంగా నడపగలిగే మనుషులు. ఆ ప్రభుత్వ ల్యాబ్ నుంచే 1980లో యూఎంసీ, 1987లో టీఎస్‌ఎంసీ అనే చిప్ తయారీ కంపెనీలు వచ్చాయి. పాత టెక్నాలజీతో మొదలుపెట్టడం నామోషీ అనుకుని ఉంటే ఆ రెండూ ఉండేవి కావు.

మన దేశంలోనూ మొహాలీలోని సెమీకండక్టర్ లాబొరేటరీ 1984లోనే 5 మైక్రాన్ల దగ్గర ఉత్పత్తి మొదలుపెట్టింది. 1989లో అగ్నిప్రమాదం జరిగింది, తిరిగి లేవడానికి ఏళ్లు పట్టింది. ఇప్పుడు అక్కడ నడుస్తున్నది 180 నానోమీటర్ల లైన్. అత్యాధునికం కాదు. అయినా 2025 సెప్టెంబరులో చూపించిన విక్రమ్ 3201 ప్రాసెసర్, రాకెట్లలో పెట్టడానికి ఇస్రో తయారుచేయించుకున్నది, ఆ లైన్ మీదే వచ్చింది. పనికొచ్చే చిప్ అంటే 2 నానోమీటర్లదే అయి ఉండనక్కర్లేదు.

ఇసుక వాదన వదిలేయండి

మన తీరంలో ఇసుక ఉంది కాబట్టి చిప్‌ల కేంద్రం ఇక్కడే రావాలి అని చాలామంది అంటున్నారు. చిప్‌కి వాడే సిలికాన్ బీచ్ ఇసుక నుంచి రాదు. శుద్ధమైన క్వార్ట్జ్ రాయిని ఫర్నేస్‌లో కరిగించి, ట్రైక్లోరోసిలేన్ అనే రసాయనంగా మార్చి, దాన్ని పదే పదే శుద్ధి చేసి, తొమ్మిది తొమ్మిదులు (99.9999999 శాతం) దాటిన స్వచ్ఛతకు తెస్తారు. ఆ తర్వాత కడ్డీగా పెంచి, పలకలుగా కోస్తారు. చివరికి పరిశోధన కేంద్రానికి చేరేది ఇరవై అయిదు వేఫర్ల డబ్బా. అది జపాన్ నుంచో జర్మనీ నుంచో పార్సిల్‌లో వస్తుంది. బీచ్ పక్కన ఉన్నా, బస్తర్‌లో ఉన్నా ఆ డబ్బాకు తేడా లేదు.

మన శ్రీకాకుళం తీరపు ఇసుకలో నిజంగా విలువైనవి ఇల్మనైట్, గార్నెట్, సిల్లిమనైట్, జిర్కాన్. జిర్కాన్‌తో పాటు కొద్దిగా హాఫ్నియం దొరుకుతుంది. 2007లో వచ్చిన 45 నానోమీటర్ల చిప్‌ల నుంచి ఇంటెల్ ట్రాన్సిస్టర్ గేటు కింద హాఫ్నియం ఆక్సైడ్ తరహా పొర వాడుతోంది. ఇలాంటి పదార్థాలను శుద్ధి చేసే పని హైదరాబాద్‌లోని సీ-మెట్ అనే కేంద్ర ప్రభుత్వ పదార్థాల పరిశోధన సంస్థ చేస్తోంది. దీని మీద మీ కాలేజీ కెమిస్ట్రీ వాళ్లకు మంచి ప్రాజెక్టు ఉంది. కానీ అది వేరే పని. ఫ్యాబ్ (చిప్‌లు తయారుచేసే కేంద్రం) అడిగే అర్జీలో ఇసుక గురించి రాస్తే, తెలిసినవాళ్లు ఆ పేజీ దగ్గరే ఫైలు మూసేస్తారు.

స్థలం ఎక్కడ అన్నది చాలా పెద్ద విషయం

ఇక్కడ కాస్త ఎక్కువే రాస్తాను, ఎందుకంటే స్థలం ఎంపికను రెవెన్యూ లెక్కలతో తేల్చేసి తర్వాత ఏడ్చిన కేంద్రాలను చూశాను.

కరెంటు. పోతే డీజీ సెట్ (డీజిల్ జనరేటర్) వేసుకుంటాం, అది పెద్ద సమస్య కాదు. డిప్ ప్రమాదం. బల్బు ఒక్కసారి రెప్ప కొట్టినంతసేపు వోల్టేజీ పడిపోతే చాలు. పంపు కంట్రోలర్ ట్రిప్ అవుతుంది, ఆర్ఎఫ్ జనరేటర్ ఆగుతుంది, గ్యాస్ వాల్వులు భద్రత కోసం వాటంతట అవే మూసుకుంటాయి. ఒకసారి నైట్రైడ్ ఫర్నేస్‌లో ఒకే క్వార్ట్జ్ బోటులో నాలుగు కాలేజీల విద్యార్థుల వేఫర్లు ఉన్నాయి. పొర సగం పెరిగేసరికి డిప్ వచ్చింది. వేఫర్లు విరగలేదు, పైకి బాగానే కనిపించాయి. కానీ పొర మందం ఎంతో, మధ్యలో ఏం కలిసిందో ఎవరూ చెప్పలేరు. అన్నీ పక్కన పెట్టేయాల్సి వచ్చింది. ఒకమ్మాయి ఎంటెక్ సబ్మిషన్ ఆరు నెలలు వెనక్కి పోయింది. అందుకే రెండు వేర్వేరు సబ్‌స్టేషన్ల నుంచి 33 కేవీ ఫీడర్లు, కీలక యంత్రాలన్నిటికీ ఆన్‌లైన్ యూపీఎస్ ఉండాలి. గరివిడి వైపు ఫెర్రో అల్లాయ్స్ ఫర్నేస్‌ల లాంటి పెద్ద లోడ్లు ఉన్న లైను మీదే మన సప్లై పడకుండా చూసుకోవాలి. స్థలం ఖరారు చేసేముందు కనీసం ఒక ఏడాది పాటు పవర్ క్వాలిటీ మీటర్ పెట్టి డిప్‌లు లెక్కపెట్టాలి.

ఉప్పు గాలి, తుపాను. భోగాపురం విమానాశ్రయం దగ్గర పెడదామని చాలామంది అంటారు. పెద్దమనుషులు రావడానికి వీలు, అంతే. నేనైతే సముద్రానికి దూరంగా, గజపతినగరం, బొబ్బిలి, రాజాం వైపు లోపలికి రమ్మంటాను. ఉప్పులో సోడియం ఉంటుంది. ట్రాన్సిస్టర్ గేటు కింది ఆక్సైడ్ పొరలోకి సోడియం అయాన్లు చేరితే అటూ ఇటూ కదులుతూ ఉంటాయి. పొద్దున ఒక వోల్టేజీకి ఆన్ అయిన ట్రాన్సిస్టర్ సాయంత్రం ఇంకో వోల్టేజీకి ఆన్ అవుతుంది. 1960లలో మాస్ ట్రాన్సిస్టర్లను (లోహం, ఆక్సైడ్, సెమీకండక్టర్ పొరలతో చేసేవి) ఏళ్ల తరబడి ఏడిపించింది ఇదే. గాలిలోని సన్నటి కణాలను పట్టే హెపా ఫిల్టర్లు నడిచినంతసేపూ ఉప్పు కణాలు లోపలికి రావు. కానీ ఫ్యాన్లు ఆగితే క్లీన్‌రూమ్‌లో ఉండాల్సిన పాజిటివ్ ప్రెషర్ పోతుంది, బయటి గాలి సందుల్లోంచి వచ్చేస్తుంది. 2014 అక్టోబరు 12 హుద్‌హుద్, 2018 అక్టోబరు 11 తిత్లీ గుర్తున్నాయి కదా. ఉద్దానం పల్లెల్లో కరెంటు ఎన్ని రోజులకు వచ్చిందో మీకు నేను చెప్పక్కర్లేదు. కనీసం వారం పాటు గాలి మాత్రం ఆడించేంత డీజిల్, జనరేటర్లు, వాటికి విడిగా కట్టడం ఉండాలి. యంత్రాలు ఆగినా పర్వాలేదు, గాలి ఆగకూడదు.

కంపనం. ఈ-బీమ్ లితోగ్రఫీ (ఎలక్ట్రాన్ కిరణంతో వేఫర్ మీద గీతలు గీసే యంత్రం), ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ ఉన్న గదిలో నేల కదలిక సెకనుకు ఆరు మైక్రాన్లు దాటకూడదని రాసుకుంటాం. విజయనగరం జంక్షన్. హౌరా లైను ఒకవైపు, పార్వతీపురం మీదుగా రాయగడ లైను ఇంకోవైపు. గూడ్సు బండి వెళ్తే ఎంత దూరం దాకా తెలుస్తుందో యంత్రం పెట్టి కొలవాలి, ఊహించకూడదు. లోపలి మండలాల్లో రాయి పైపైనే తగులుతుంది. అది పునాదికి మంచిదే కానీ, క్వారీ బ్లాస్టింగ్‌ని అదే రాయి దూరం మోసుకొస్తుంది. టెక్కలి వైపు గ్రానైట్ క్వారీలున్న చోట్లు అందుకే పనికిరావు. నేను చూసిన ఒక కేంద్రంలో పక్కన రోడ్డు పని జరిగినన్నాళ్లూ ఈ-బీమ్ రాత్రిపూటే నడిపారు.

నీళ్లు. పెద్ద ఫ్యాబ్‌కి రోజూ లక్షల నుంచి కోట్ల లీటర్ల దాకా కావాలి. మనం మాట్లాడుకుంటున్న పరిశోధన కేంద్రానికి అంత అక్కర్లేదు. నాగావళి మీద గానీ, ఊళ్ల తాగునీటి మీద గానీ చెప్పుకోదగ్గ భారం పడదు. నాణ్యతే ముఖ్యం. 18.2 మెగాఓమ్ స్వచ్ఛత రావాలి, అంటే నీళ్లలో కరిగిన అయాన్లు దాదాపు ఉండకూడదు. మన గట్టి రాతి నేలల్లో బోరు నీళ్లలో కరిగిన సిలికా ఉంటుంది. నీళ్లను శుద్ధి చేసే రెసిన్ బెడ్ అలసిపోతుంటే ముందు జారిపోయేది అదే, మీటరు ఇంకా బాగానే చూపిస్తుంటుంది. వేఫర్ ఆరాక మరకలుగా బయటపడుతుంది. బోరు నీళ్లు ఎండాకాలంలోనూ, నది నీళ్లు వరద రోజుల్లోనూ పరీక్ష చేయించి ఆ రిపోర్టు ఆధారంగా ప్లాంట్ డిజైన్ చేయాలి.

ప్రారంభోత్సవం తర్వాత ఏం జరుగుతుంది

రిబ్బన్ కట్ చేసిన రోజున యంత్రాలు ఉంటాయి, ప్రాసెస్ ఉండదు. ఒక్కో యంత్రం మీద ఒక్కో రెసిపీ నిలబెట్టి, ఈ వారం వచ్చిన ఫలితమే వచ్చే నెలా వస్తుందని నమ్మకం కుదరడానికి ఏడాదికి తక్కువ పట్టదు. ఆ ఏడాది పత్రికల్లో రాయడానికి ఏమీ ఉండదు. సరిగ్గా అప్పుడే బడ్జెట్ తగ్గిస్తారు.

కొనేటప్పుడు గ్రాంటు వస్తుంది. వారంటీ అయిపోయాక ఏఎంసీకి (వార్షిక నిర్వహణ ఒప్పందానికి) ఏటా యంత్రం ఖరీదులో ఐదు నుంచి పది శాతం దాకా అడుగుతారు. దానికి బడ్జెట్‌లో హెడ్ (పద్దు) ఉండదు. నేను పనిచేసిన ఒక చోట ఎచింగ్ యంత్రానికి (వేఫర్ మీది పొరను అక్కర్లేని చోట తొలిచేది) డ్రై పంపు పట్టేసింది. యంత్రం ఖరీదుతో పోలిస్తే పంపు రిపేరు ఖర్చు చాలా చిన్నది. అయినా ఆ డబ్బు ఏ పద్దు కింద ఇవ్వాలో తేలలేదు, తేలాక మూడు కొటేషన్లు రాలేదు, వచ్చాక ఆర్థిక సంవత్సరం అయిపోయింది. అంతకాలం యంత్రం ప్లాస్టిక్ కవర్ కప్పుకుని ఉంది. దాని మీద పని చేసుకోవాల్సిన పరిశోధకులు ఇంకో రాష్ట్రం వెళ్లిపోయారు, తిరిగి రాలేదు. అందుకే నడిపే డబ్బు ముందే కావాలంటున్నాను. యంత్రాల మొత్తం విలువలో ఏటా పదో వంతు, పదేళ్లపాటు, డైరెక్టర్ సంతకంతో ఖర్చుపెట్టుకునేలా. పది యంత్రాలకు డబ్బుంటే ఆరే కొని, మిగతాది వాటిని బతికించడానికి ఉంచమంటాను.

తలుపు తెరిచి ఉండాలి, కానీ రూల్ ఉండాలి

ప్రజల డబ్బుతో పెట్టింది ఒక డిపార్ట్‌మెంట్ సొంత ల్యాబ్‌గా మారిపోకూడదు. దీనికి మన దేశంలోనే మంచి పద్ధతి ఉంది. కేంద్ర ఐటీ శాఖ డబ్బుతో నడిచే ఐనప్ (ఇండియన్ నానోఎలక్ట్రానిక్స్ యూజర్స్ ప్రోగ్రామ్) కార్యక్రమం. ఐఐఎస్సీ, ఐఐటీ బాంబేలతో మొదలై తర్వాత మరికొన్ని ఐఐటీలకు విస్తరించింది. ఎక్కడో చిన్న కాలేజీలో పనిచేసే లెక్చరర్ కూడా ప్రపోజల్ పెట్టి అక్కడి క్లీన్‌రూమ్‌లో పనిచేసుకోవచ్చు. మన కేంద్రం కూడా మొదటి రోజు నుంచీ ఇలాగే ఉండాలి. స్లాట్ బుకింగ్ అందరికీ కనిపించాలి, రేటు కార్డు బయట పెట్టాలి. విద్యార్థికి ఒక రేటు, కంపెనీకి ఒక రేటు.

తలుపు తెరిచామంటే ఎవరు ఏం తెచ్చినా రానివ్వడం కాదు. ఒకసారి బయటి నుంచి వచ్చిన ఒక పరిశోధకుడు బంగారు పూత ఉన్న శాంపిల్‌ని క్లీన్ ఆక్సిడేషన్ ఫర్నేస్‌లో పెట్టేశాడు. అతనికి చెప్పేవాళ్లు ఆ రోజు డ్యూటీలో లేరు. వేడికి బంగారం సిలికాన్‌లోకి ఎంత తొందరగా పాకుతుందంటే, ఆ ట్యూబులో తర్వాత పెట్టిన ప్రతి వేఫరూ పాడైనట్టే లెక్క. క్వార్ట్జ్ ట్యూబు బయటికి తీసి యాసిడ్‌తో కడిగి, మళ్లీ బిగించి, క్లోరిన్ వాయువుతో కాల్చి, టెస్ట్ వేఫర్లు నడిపి, అప్పుడు గానీ తెరవలేదు. అందుకే ఏ యంత్రంలోకి ఏ లోహం వెళ్లొచ్చో రంగుల స్టిక్కర్లతో రాసి పెడతాం. ట్వీజర్లు కూడా విడివిడిగా ఉంటాయి. శిక్షణ పాసవని ప్రొఫెసర్‌నైనా లోపలికి పంపకూడదు. ఈ మాట అనగలిగే ధైర్యం ఫెసిలిటీ మేనేజర్‌కి ఉండాలి, పైవాళ్లు అతని వెనక నిలబడాలి.

మనకున్న అసలు బలం పైడిభీమవరం

ఇంజనీర్లు ఏటా వస్తున్నారని మీరన్నారు. నిజమే. కానీ ఇలాంటి కేంద్రాలు నడిచేది టెక్నీషియన్ల మీద. వాళ్లు మన దగ్గర ఇప్పటికే ఉన్నారన్న సంగతి ఎవరూ గమనించరు. పైడిభీమవరం ఫార్మా కంపెనీల్లో స్టెరైల్ ఏరియాలో పనిచేసేవాళ్లను చూడండి. గౌనింగ్ ఎలా వేసుకోవాలో, ఎయిర్‌లాక్‌లో ఒక తలుపు మూసుకోకుండా రెండోది ఎందుకు తెరవకూడదో, లాగ్‌బుక్‌లో కొట్టివేతకు పక్కన సంతకం ఎందుకు పెట్టాలో వాళ్లకు కొత్తగా నేర్పక్కర్లేదు. ఫార్మాలో భయం సూక్ష్మజీవి గురించి, మనకు భయం ధూళి కణం, లోహపు అయాన్ గురించి. ఆ తేడా నెల రోజుల్లో నేర్పొచ్చు. క్రమశిక్షణ నేర్పడానికి ఏళ్లు పడుతుంది. నా దగ్గర పనిచేసిన వాళ్లందరిలో గొప్ప టెక్నీషియన్ అక్కడి నుంచి వచ్చిన డిప్లొమా కుర్రాడే. రణస్థలం దగ్గర ఊరు అతనిది. పంపు చప్పుడులో తేడా విని, ఇంకో రెండు రోజుల్లో ఆగిపోతుందని చెప్పేవాడు. ఆగేది కూడా.

అలాంటివాళ్లకు ప్రభుత్వ కేంద్రాల్లో ఇచ్చేది పదకొండు నెలల కాంట్రాక్టు. నేర్చుకున్నాక వెళ్లిపోతారు, తప్పు వాళ్లది కాదు. పర్మనెంట్ టెక్నీషియన్ పోస్టులు లేకుండా కేంద్రం మంజూరైతే సంతోషపడకండి. శ్రీకాకుళం, విజయనగరం ప్రభుత్వ పాలిటెక్నిక్‌లలో చివరి సెమిస్టర్ ట్రైనింగ్‌ని ఇక్కడికి కలపాలి. అప్పుడు మనుషులకు కొదవ ఉండదు.

ఊరివాళ్లకు నిజం చెప్పాలి

సిలేన్ గాలి తగిలితే దానంతట అదే అంటుకుంటుంది. ఫాస్ఫీన్, ఆర్సీన్ చాలా విషం. హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ పల్చగా ఉంటే చర్మం మీద పడ్డ వెంటనే నొప్పి కూడా తెలియదు, లోపలికి దిగి ఎముక దాకా పోతుంది. పడితే వెంటనే నీళ్లతో కడిగి, కాల్షియం గ్లూకోనేట్ జెల్ రాస్తూ ఆసుపత్రికి తీసుకెళ్లాలి. పరిశోధన కేంద్రంలో వీటి పరిమాణం తక్కువే, సిలిండర్లు ఎగ్జాస్ట్ ఉన్న గ్యాస్ క్యాబినెట్లలో డిటెక్టర్ల కింద ఉంటాయి, స్క్రబ్బర్ దాటకుండా ఏదీ బయటికి పోదు. అయినా 2020 మే 7న విశాఖ వెంకటాపురంలో స్టైరీన్ లీకై ప్రాణాలు పోయాక మన ప్రాంతంలో ఎవరైనా భయపడితే అది న్యాయమైన భయం. ఏ గ్యాస్ ఎంత ఉంటుందో తెలుగులో రాసి పంచాయతీ ఆఫీసులో పెట్టాలి. ఫైర్ స్టేషన్ వాళ్లకూ, జిల్లా ఆసుపత్రి క్యాజువాలిటీ వాళ్లకూ ముందే శిక్షణ ఇవ్వాలి. ఆసుపత్రి ఫార్మసీలో ఆ జెల్ ఎప్పుడూ ఉండాలి. ఇవి మూడూ అయ్యాకే మొదటి సిలిండర్ గేటు దాటాలి.

ఇంతకీ అక్కడ ఏం చేస్తారు?

నాకు ఎక్కువ ఆశ ఉన్నది ఇక్కడే. ఉద్దానంలో కిడ్నీ జబ్బుకు మూల కారణం ఇంకా తేలలేదు. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో ఎన్ని ఇళ్లలో ఈ బాధ ఉందో మీకు తెలుసు. ఇంటి దగ్గరే ఒక్క రక్తపు చుక్కతో క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు తెలిపే పదార్థం) చూసే చవక సెన్సర్ కావాలి. నీళ్లలో ఏమేం ఉన్నాయో బావి దగ్గరే చెప్పే సెన్సర్ కావాలి. వీటికి కావలసిన ఎలక్ట్రోడ్ గీతలు మైక్రాన్లలో ఉంటే చాలు, నాలుగు అంగుళాల వేఫర్, మామూలు యూవీ అలైనర్ (అతినీలలోహిత కాంతితో గీతలు అచ్చువేసేది), లోహపు పూత వేసే యంత్రంతో అయిపోతుంది. పలాసలో 2023 డిసెంబరులో ప్రారంభమైన కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ఉన్నాయి. చిప్ తయారైన జిల్లాలోనే దాన్ని పరీక్షించే డాక్టర్లు, పరీక్షకు ఒప్పుకునే రోగులు ఉండడం ఏ పెద్ద నగరపు ల్యాబ్‌కీ లేని అవకాశం.

రెండోది పవర్ డివైస్‌లు, ప్యాకేజింగ్. 2025 ఆగస్టులో కేంద్ర కేబినెట్ ఆమోదించిన నాలుగు ప్రాజెక్టుల్లో రెండు భువనేశ్వర్‌లో. వాటిలో సిక్‌సెమ్ కంపెనీది సిలికాన్ కార్బైడ్ ఫ్యాబ్, ఇంకోటి గ్లాస్ సబ్‌స్ట్రేట్ల ప్యాకేజింగ్. మూడోది మన ఆంధ్రప్రదేశ్‌లో కొరియా కంపెనీ అపాక్ట్ సహకారంతో ఏఎస్ఐపీ పెట్టే ప్యాకేజింగ్ యూనిట్, ఏటా 9.6 కోట్ల యూనిట్లు దాని సామర్థ్యం. శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌లో రైలెక్కితే అదే లైను భువనేశ్వర్‌కి. వీళ్లందరికీ రిలయబిలిటీ టెస్టింగ్, ఫెయిల్యూర్ అనాలిసిస్ చేసేవాళ్లు కావాలి. ఫెయిలైన డివైస్‌ని విప్పి, కోసి, మైక్రోస్కోప్ కింద పెట్టి, వైర్ ఎక్కడ ఊడిందో చెప్పే ల్యాబ్ ఉంటే కంపెనీలు డబ్బిచ్చి పని చేయించుకుంటాయి. నడిపే ఖర్చులో కొంత అక్కడి నుంచి వస్తుంది. కొంతే. మొత్తం వస్తుందని ఎవరైనా ప్రాజెక్టు రిపోర్టులో రాస్తే నమ్మకండి.

ఉద్యోగాల మాట కూడా దాచకుండా చెబుతాను. ఇలాంటి కేంద్రంలో నేరుగా పనిచేసేది వంద మంది లోపే. వేల ఉద్యోగాలని చెప్పి భూమి తీసుకోవద్దు. అయితే ఏటా కొన్ని వందల మంది విద్యార్థులు, టెక్నీషియన్లు వచ్చి చేత్తో పని నేర్చుకుని వెళ్తారు. వాళ్లకు చిప్ ఫ్యాక్టరీలు వస్తున్న గుజరాత్‌లోని సానంద్‌లోనో, ధోలేరాలోనో, లేదా భువనేశ్వర్‌లోనో మొదటి ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి నిజమైన పని ఉంటుంది. మీ పిల్లలకు ఒరిగేది అదే, నా దృష్టిలో అది చాలా పెద్దది.

కేంద్రం వచ్చేదాకా ఆగకుండా మీరు చేయగలిగింది

డిజైన్ వైపు, మీ కాలేజీ కేంద్ర ప్రభుత్వ చిప్ డిజైన్ శిక్షణ కార్యక్రమం చిప్స్ టు స్టార్టప్‌లో ఉందో లేదో చూడండి. ఉంటే బెంగళూరు సీ-డాక్‌లోని చిప్ఇన్ సెంటర్ ద్వారా ఖరీదైన ఈడీఏ టూల్స్ (చిప్ డిజైన్ సాఫ్ట్‌వేర్) వాడుకోవచ్చు, విద్యార్థుల డిజైన్లను మొహాలీలో చిప్‌గా చేయించుకోవచ్చు.

తయారీ వైపు, ఐనప్‌కి ప్రపోజల్ పెట్టండి. ముందు వాళ్లు నడిపే హ్యాండ్స్-ఆన్ వర్క్‌షాప్‌కి మీరే వెళ్లండి, పిల్లలను తర్వాత పంపొచ్చు. క్లీన్‌రూమ్‌లో ఒక మాస్ కెపాసిటర్ అయినా మీ చేత్తో చేశాక మీ పాఠమే మారిపోతుంది. ప్రపోజల్‌లో పెద్ద పెద్ద మాటలు రాయకండి. రివ్యూకి కూర్చున్నవాళ్లు చూసేది నాలుగు విషయాలే: ఏ డివైస్, ఎన్ని మాస్కులు (వేఫర్ మీద అచ్చువేసే నమూనా పలకలు), ఏ యంత్రాలు ఏ వరుసలో, చివర్లో ఏం కొలుస్తారు. ప్రాసెస్ ఫ్లోని ఒక్కో స్టెప్‌కి ఒక్కో అడ్డుకోత బొమ్మతో గీయండి. ఏ లోహం వాడుతున్నారో మొదటి పేజీలోనే చెప్పండి, బంగారమైతే తప్పకుండా. క్రియాటినిన్ సెన్సర్ తీసుకుంటే రెండు మాస్కులతో అయిపోతుంది, మొదటి ప్రయత్నానికి అది సరిపోతుంది. డ్రాఫ్టు రాశాక నాకు పంపండి, ప్రాసెస్ ఫ్లో చూసి ఎక్కడ తేడా ఉందో చెబుతాను.